వాన లెక్క



ఆరో తరగతిలో ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని ఈ హాస్టల్‌కు వచ్చాను. మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న పల్లె. నాయన కౌలుకు చేను తీసుకుని వేరుశనగ వేసేవాడు. నేను తొమ్మిదిలో ఉన్న ఏడాది, సరిగ్గా ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేసింది. పంట ఎండిపోయింది. ఆఫీసుకు వెళ్తే "మీ మండలంలో వాన పడినట్టే రాసి ఉంది" అన్నారట. పడింది నిజమే, మండల కేంద్రంలో! మా చేను అక్కడికి పది కిలోమీటర్లు. ఆ నెల నాయన నన్ను చూడటానికి రాలేదు. బస్సు చార్జీకి డబ్బుల్లేక రాలేదని తర్వాత తెలిసింది.

ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు, ఉపగ్రహం చెప్పే వానను నేల మీది వానమాపకంతో సరిపోల్చే పని ఎంచుకున్నాను.

నాసా, జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా కలిసి 2014 ఫిబ్రవరిలో జీపీఎం ఉపగ్రహాన్ని పంపాయి. దాని సమాచారానికి ఇతర ఉపగ్రహాల సమాచారం కలిపి 'ఐమెర్గ్' అనే లెక్క తయారు చేస్తారు. సుమారు పది కిలోమీటర్ల గడికి, ప్రతి అరగంటకూ ఒక అంకె. అయితే ఉపగ్రహం నీటిని పట్టి కొలవదు. మేఘాల నుంచి వచ్చే సూక్ష్మతరంగాలను, మేఘం పైభాగపు చల్లదనాన్ని చూసి అంచనా కడుతుంది. వానమాపకం పడిన నీటినే కొలుస్తుంది గానీ, దాని మూతి జానెడు కూడా ఉండదు.

మొదట రెండూ కలవలేదు. ఉపగ్రహానిదే తప్పనుకున్నాను. మా సార్ నవ్వి "తేదీలు చూశావా?" అన్నారు. మన దేశంలో మాపకాన్ని ఉదయం 8.30కి చూస్తారు. ఒకటో తేదీ సాయంత్రం పడిన వాన రెండో తేదీ కింద రాస్తారు. ఉపగ్రహం రోజు లెక్క మన ఉదయం 5.30కి మొదలవుతుంది కాబట్టి అదే వాన అక్కడ ఒకటో తేదీలో ఉంటుంది. అరగంట అంకెలను 8.30 నుంచి 8.30కి కూడితే చాలా తేడా తగ్గింది.

ఒక చోట మాత్రం మాపకం ఎప్పుడూ తక్కువే చూపేది. వెళ్లి చూస్తే దాని మీద వేపకొమ్మ గొడుగు పట్టినట్టుంది! అడ్డు ఎంత ఎత్తుంటే, కనీసం దానికి రెండింతల దూరంలో మాపకం ఉండాలి. ఇంకొన్ని చోట్ల ఉపగ్రహం వాన అంటే నేల పొడిగా ఉంది. పొడి గాలిలో చినుకులు దారిలోనే ఆవిరైపోవడం అందుకు ఒక కారణం.

ఇదంతా నాయనకు చెప్పాను. ఓపిగ్గా విని "మా చేను పదునైందో లేదో ఆ రెండింటిలో ఏది చెబుతుంది?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. గడి సగటూ ఆయన చేను కాదు, మండల కేంద్రమూ ఆయన చేను కాదు.

తమ్ముళ్లూ! ఎవరైనా ఒక అంకె చూపి ఇదే నిజమంటే, ఎక్కడ, ఎప్పుడు, దేనితో కొలిచారో అడగండి. అడగడానికే మనకీ చదువు. మన హాస్టల్ ఆవరణలో చెట్లకు, గోడలకు దూరంగా నిటారు గోడల డబ్బా ఒకటి పెట్టండి. రోజూ 8.30కి స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. వచ్చే వార్షికోత్సవానికి ఆ నోటుబుక్కు చూడటానికి తప్పకుండా వస్తాను.

– ఒక పూర్వ విద్యార్థి