బేస్ గిటార్‌కి ఏ తీగలు? మన తుడుము పక్కన నిలబడేది ఏది?

 

ఇది కొంచెం పెద్ద పోస్టు. పాట, వాయిద్యం మీద ఇష్టం ఉన్నవాళ్లు తీరిగ్గా చదవండి. మన పిల్లల్లో ఇప్పుడు గిటార్ పట్టేవాళ్లు పెరిగారు. కాలేజీ హాస్టళ్లలో రెండు గిటార్లు, ఒక కీబోర్డు, ఒక కహోన్ ఉంటే బ్యాండు తయారైపోతోంది. బేస్ గిటార్ పట్టేవాళ్లు మాత్రం తక్కువ. పట్టినవాళ్లకి కూడా తీగల గురించి తెలుగులో చెప్పేవాళ్లు లేరు. నేను అరకు వైపు వాడిని, విశాఖలో చదువుతూ మా బ్యాండులో బేస్ వాయిస్తున్నాను. ఈ ఏడాది నా బేస్‌కి ఫ్లాట్‌వౌండ్ తీగలు వెయ్యాలా, రౌండ్‌వౌండ్ వెయ్యాలా అని చాలా రోజులు ఆలోచించాను. ఆ ఆలోచనంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందు అసలు తేడా ఏంటో చెప్తాను. బేస్ తీగ ఒక్క తీగ కాదు. లోపల ఒక ఉక్కు తీగ ఉంటుంది, దాని చుట్టూ ఇంకో తీగ చుట్టి ఉంటుంది. చుట్టిన తీగ గుండ్రంగా ఉంటే రౌండ్‌వౌండ్. వేలు పెట్టి జరిపితే గరుగ్గా తగులుతుంది, స్ స్ మని చప్పుడు వస్తుంది. చుట్టినది రిబ్బను లాంటి బల్లపరుపు పట్టీ అయితే ఫ్లాట్‌వౌండ్. అది నున్నగా ఉంటుంది, వేలు జారిపోతుంది, చప్పుడు రాదు. కొత్త బేస్ కొంటే దాదాపు ఎప్పుడూ దాని మీద రౌండ్‌వౌండే ఉంటాయి.

శబ్దంలో తేడా ఇంకా పెద్దది. ఏ తీగ మోగినా ఒక మూల స్వరం, దాని మీద కొన్ని పైస్వరాలు కలిసి వస్తాయి. రౌండ్‌వౌండ్‌లో పైస్వరాలు ఎక్కువ. అందుకే అది గణగణమంటుంది, పియానో అడుగు మెట్ల లాగా మెరుస్తుంది, చాలాసేపు మోగుతుంది. ఫ్లాట్‌వౌండ్‌లో పైస్వరాలు తొందరగా చచ్చిపోతాయి, మూల స్వరం మిగులుతుంది. కొడితే 'దుమ్' అని ఒక ముద్దగా వచ్చి, పని అయ్యాక పక్కకి తప్పుకుంటుంది.

చరిత్ర కొంచెం తెలుసుకుంటే ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. 1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు రౌండ్‌వౌండ్ బేస్ తీగల వాడకం లేదు, అందరూ ఫ్లాట్‌వౌండే వేసేవారు. అప్పటిదాకా మనిషంత ఎత్తు డబుల్ బేస్ నిలబెట్టి వాయించినవాళ్లకి ఆ నున్నటి తీగ, ఆ ముద్ద శబ్దమే అలవాటు. 1966లో ఇంగ్లండులో ద హూ బ్యాండు బేస్ వాద్యకారుడు జాన్ ఎంట్విజిల్, రొటోసౌండ్ కంపెనీ వాళ్లతో కూర్చుని రౌండ్‌వౌండ్ తీగలను తనకు నచ్చేట్టు చేయించుకున్నాడు. బేస్ వెనకాల దాక్కోకుండా గిటార్ లాగా ముందుకు వచ్చి మాట్లాడాలని ఆయన కోరిక. ఆ తర్వాత రాక్ అంతా దాదాపు అటే వెళ్లింది.

ఫ్లాట్‌వౌండ్ అంటే నాకు మొదట గుర్తొచ్చే పేరు జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి 1960లలో బేస్ వాయించిన నల్లజాతి కళాకారుడు. 1962 నాటి ప్రెసిషన్ బేస్, దాని మీద లా బెల్లా కంపెనీ లావు ఫ్లాట్‌వౌండ్ తీగలు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని ఆయనకు పేరు. ఎక్కువగా ఒక్క చూపుడు వేలితోనే వాయించేవాడు. ఆ పాటలు ప్రపంచమంతా విన్నది. ఆయన పేరు మాత్రం ఏళ్ల తరబడి రికార్డుల మీద రాలేదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీద ఆయన పేరు అచ్చైంది. అప్పటికే ఎన్నో పెద్ద పాటలు ఆయన వేళ్ల కింద నుంచి వెళ్లిపోయాయి.

ఇది చదివినప్పుడు నాకు మన దగ్గర ఏం జరుగుతోందో గుర్తొచ్చింది. అరకు థింసా వీడియోలు ఫోన్లలో ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. చీరలు కనిపిస్తాయి, చేతులు వెనక్కి కట్టుకుని వరసగా వేసే అడుగులు కనిపిస్తాయి, మధ్యలో చేరి ఎగిరే టూరిస్టులు కనిపిస్తారు. మోరి ఊదేదెవరు, తుడుము కొట్టేదెవరు, వాళ్లది ఏ ఊరు అని ఎవరూ రాయరు. చాలా వీడియోల్లో వాళ్లు ఫ్రేములోనే ఉండరు. వినిపిస్తారంతే.

ఇప్పుడు నా విషయానికి వస్తాను. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మా బ్యాండు, మా ఊరి థింసా దళం కలిసి ఒక కార్యక్రమం చెయ్యాలని అనుకున్నాం. రెండు గిటార్లు, బేస్, వాటితో మోరి, తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు. మొదటి రిహార్సల్ మా ఊళ్లోనే పెట్టుకున్నాం. నా బేస్ మీద కొన్నప్పుడు వచ్చిన రౌండ్‌వౌండ్ తీగలే ఉన్నాయి. ఒక పాట అయ్యాక, తుడుము కొట్టే మా మావయ్య కర్రలు కింద పెట్టి అన్నాడు: "అల్లుడూ, నీ వాయింపు బాగానే ఉంది. కానీ ఆడోళ్ల కాళ్లు నాకు వినపడట్లేదురా."

ఈ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. థింసాలో తుడుము కొట్టేవాళ్లు ఆడవాళ్ల అడుగులు వింటూ, కాళ్ల అందెల చప్పుడు వింటూ వేగం పెంచుతారు, తగ్గిస్తారు. వాళ్లు కొట్టేది వీళ్లు వింటారు, వీళ్లు వేసేది వాళ్లు వింటారు. మధ్యలో నా రౌండ్‌వౌండ్ తీగల గణగణ సరిగ్గా అందెలుండే చోటే కూర్చుంది. ఫ్రెట్లకి తీగ తగిలే టకటక కూడా డప్పు సన్నపుల్ల చప్పుడుతో కలిసిపోయింది. వాల్యూమ్ తగ్గిస్తే సరిపోతుంది కదా అనొచ్చు. తగ్గించి చూశాం. తగ్గిస్తే అడుగున ఉండాల్సిన బలం పోయింది, పైన గణగణ మాత్రం మిగిలింది.

ఆ సాయంత్రమే రెండు పనులు చేశాం. మీరూ తీగలు కొనే ముందు ఇవి చేసి చూడండి, పైసా ఖర్చు లేదు. ఒకటి, బేస్ మీద టోన్ నాబ్ పూర్తిగా తగ్గించండి. పైస్వరాలు చాలా వరకు తగ్గుతాయి. రెండు, గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఒకటి కోసి బ్రిడ్జి దగ్గర తీగల కింద దూర్చండి. తీగ ఎక్కువసేపు మోగకుండా ఆగుతుంది. పాత ఫెండర్ బేస్‌లకి బ్రిడ్జి మీద మూత ఉండేది, ఆ మూత లోపల ఫోమ్ ముక్క పెట్టి అమ్మేవారు. అంటే మనం చేసేది కొత్త పనేం కాదు. ఈ రెండూ చేశాక ఫ్లాట్‌వౌండ్‌కి కొంత దగ్గరగా వస్తుంది. మావయ్య విని తలూపాడు. "ఇది పక్కన కూర్చున్నట్టుంది" అన్నాడు.

అయితే ఇక్కడితో అయిపోలేదు. రౌండ్‌వౌండ్ వైపు కూడా గట్టి వాదన ఉంది. అది మా చెల్లి చెప్పింది. "మన పాట స్టేజీ మీద వినేవాళ్లు ఎంతమంది? ఫోన్లో వినేవాళ్లు ఎంతమంది?" అంది.

ఆమె అన్నది నిజం. బేస్ గిటార్ ఇ తీగ మూల స్వరం దాదాపు 41 హెర్ట్జ్. ఎ తీగ 55, డి తీగ సుమారు 73, జి తీగ 98. ఫోన్ స్పీకరు వేలి గోరంత ఉంటుంది, అంత కింది స్వరాలు అది పలకలేదు. మరి ఫోన్లో బేస్ ఎలా వినిపిస్తోంది? పైస్వరాలు వినిపిస్తాయి, వాటిని బట్టి మన చెవే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. రౌండ్‌వౌండ్‌లో పైస్వరాలు ఎక్కువ కాబట్టి ఫోన్లో కూడా బేస్ తెలుస్తుంది. ఫ్లాట్‌వౌండ్ అయితే ఫోన్లో మాయమైపోతుంది. కొండ మీద ఊళ్లో ఉన్న మా అమ్మమ్మ, హైదరాబాదులో కోచింగ్ తీసుకుంటున్న మా తమ్ముడు, వలస వెళ్లిన మా ఊరి కుర్రాళ్లు, వీళ్లంతా మా పాట వినేది ఫోన్లోనే. వాళ్లకి వినపడని బేస్ వాయించి ఏం లాభం?

డబ్బు సంగతి కూడా ఉంది. ఫ్లాట్‌వౌండ్ సెట్టు ధర మామూలు రౌండ్‌వౌండ్ సెట్టు కంటే చాలా ఎక్కువ, కొన్ని కంపెనీలవి రెట్టింపు దాటుతాయి. స్కాలర్‌షిప్ డబ్బు మీద బతికేవాళ్లకి అది చిన్న విషయం కాదు. కానీ రౌండ్‌వౌండ్ మెరుపు కొన్ని వారాలే. చుట్ల మధ్య సందుల్లోకి చెమట, మురికి చేరి శబ్దం మొద్దుబారుతుంది. మన ఏజెన్సీలో వానాకాలం, మంచు, తేమ సంగతి చెప్పక్కర్లేదు. పాత రౌండ్‌వౌండ్ తీగల్ని విప్పి నీళ్లలో కొన్ని నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి మళ్లీ వేస్తే కొన్నాళ్లు మెరుపు తిరిగొస్తుంది, అదీ కొన్నాళ్లే. ఫ్లాట్‌వౌండ్‌కి సందులు లేవు, ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు. ఏళ్లు వస్తాయి. పైగా పాతబడే కొద్దీ బాగుంటాయనేవాళ్లే ఎక్కువ. కిందికి దిగితే తప్ప తీగలు దొరకని మనలాంటి వాళ్లకి ఇది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. ఫ్రెట్లు కూడా ఫ్లాట్‌వౌండ్‌తో తక్కువ అరుగుతాయి.

ఇంకో మాట. ఈ తీగలు ఈ సంగీతానికే అని రాసిపెట్టి లేదు. ఐరన్ మెయిడెన్ లాంటి హెవీ మెటల్ బ్యాండులో స్టీవ్ హారిస్ వాయించేది ఫ్లాట్‌వౌండ్‌తో. జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని బేస్ మీద రౌండ్‌వౌండ్ వేసుకుని, చెక్క అరిగిపోకుండా దాని మీద ఎపాక్సీ పూత పూసుకున్నాడు. కాబట్టి 'ట్రైబల్ మ్యూజిక్‌కి ఏ తీగలు' అని ఎవరైనా ఒకే జవాబు చెప్తే నమ్మకండి. మన గదబ పాట వేరు, కోయ డోలు వేరు, గోండుల గుస్సాడి వేరు. పక్కన ఏ వాయిద్యం ఉంది, అది ఏ చోట మోగుతోంది అన్నది విని నిర్ణయించుకోవాలి.

నేను చివరికి ఫ్లాట్‌వౌండ్ తీసుకున్నాను. ఉన్నది ఒక్కటే బేస్. వారానికోసారి విప్పి మార్చితే తీగలు పాడవుతాయి, కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఫోన్లో వినేవాళ్ల సంగతి వాయించే తీరులో చూసుకోవచ్చు అనుకున్నాను. రికార్డింగు చేసేటప్పుడు కొన్ని చోట్ల డి, జి తీగల మీద పై స్థాయిలో వాయిస్తున్నాను, కొన్ని చోట్ల పిక్ వాడుతున్నాను. ఫోన్లో వినబడుతోందని మా చెల్లి ఒప్పుకుంది, రౌండ్‌వౌండ్ అంత కాదనీ అంది. అది కూడా నిజమే. అందెల చప్పుడు మీద కూర్చున్న బేస్‌ని మాత్రం వాయించే తీరుతో పూర్తిగా పక్కకి జరపడం నా వల్ల కాదు. కాళ్లు వినపడకపోతే మావయ్య ఊహించి కొట్టాలి. అలా కొట్టినది థింసా కాదు, థింసా మీద వేసిన సినిమా పాట అవుతుంది.

ఫ్లాట్‌వౌండ్‌తో ఒక ఇబ్బంది ముందే చెప్తాను. నా బేస్, తుడుము ఒకేసారి 'దుమ్' అంటే రెండూ కలిసి ఒకే పెద్ద వాయిద్యంలా వినిపిస్తాయి. అందుకే కొన్ని దెబ్బలు మావయ్యకే వదిలేస్తున్నాను. ఆయన కొట్టిన చోట నేను ఆగుతాను, ఆయన వదిలిన చోట నేను పలుకుతాను. దీనివల్ల నేను వాయించే స్వరాలు సగానికి తగ్గాయి. పాట మాత్రం బరువెక్కింది.

వేసుకోవాలనుకునేవాళ్లకి కొన్ని సూచనలు:

1. బేస్ నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెడితే, దాని మీద వచ్చిన తీగలతోనే ఒక ఏడాది వాయించండి. మీ చెవికి ఏం కావాలో అప్పుడు తెలుస్తుంది.

2. మీ బేస్ పొడవు చూసి కొనండి. మామూలు బేస్ స్కేలు 34 అంగుళాలు. షార్ట్ స్కేలు బేస్‌కి వేరే సెట్టు ఉంటుంది.

3. మందం చూడండి. 45 నుంచి 105 అని ఉంటే మధ్యరకం. అదే మందం ఉన్నా చాలా ఫ్లాట్‌వౌండ్లు ఎక్కువ బిగుతుగా ఉంటాయి. థొమాస్టిక్ వాళ్ల జాజ్ ఫ్లాట్స్ లాంటివి మెత్తగా ఉంటాయి, ధర ఎక్కువ. డడారియో క్రోమ్స్ ఫ్లాట్‌వౌండ్లలో కాస్త మెరుపున్నవి.

4. బిగుతు మారితే మెడ కొంచెం వంగుతుంది. ట్రస్ రాడ్ సరిచేయించాలి. తెలిసినవాళ్ల దగ్గర చేయించండి, మీరే చేస్తే ఒకేసారి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి.

5. తీగల్ని ఒక్కొక్కటిగా మార్చండి, అన్నీ ఒకేసారి విప్పకండి. విప్పిన పాత సెట్టు పారెయ్యకండి, చుట్టి దాచండి. తీగ తెగిన రోజు హాస్టల్లో ఇంకో తమ్ముడికి పనికొస్తుంది.

6. స్లాప్ వాయించాలని ఉంటే రౌండ్‌వౌండే వేసుకోండి. రెండూ కావాలంటే మధ్యరకంగా హాఫ్‌రౌండ్ తీగలు కూడా దొరుకుతాయి.

ఆగస్టు 9 పాట రికార్డింగు పెట్టినప్పుడు వీడియో కింద అందరి పేర్లూ రాస్తాం. మోరి ఎవరు, తుడుము ఎవరు, డప్పు ఎవరు, అడుగు వేసిన అక్కలు ఎవరు, ఏ ఊరు, ఏ పంచాయతీ. బేస్ పేరు చివర్న ఉంటుంది. మీరు కూడా మన వాయిద్యాలతో ఏదైనా రికార్డు చేస్తే ఈ ఒక్క పని మర్చిపోకండి. మీ ఊరి డోలు, కొమ్ము, కిక్రి పక్కన ఏ తీగలు వేసి చూశారో, పెద్దలు విని ఏమన్నారో రాయండి. నేను చదువుతాను.