మీట కువైట్‌లో... వెలుగు కడపలో!

కొత్త బొమ్మ విడుదలకు ముందురోజు రాత్రి కర్నూల్లో సినిమా హాలు ముందు నిలబడి, హీరోగారి కటౌటు చుట్టూ పరుగులు తీసే రంగుదీపాలను నోరు తెరుచుకుని చూడనివాళ్లెవరు? ఒకప్పుడు ఆ పరుగంతా ఓ డ్రమ్ము మహిమ. దానికి రేకుముక్కలు కొట్టి, చిన్న మోటారుతో తిప్పేవాళ్లు. రేకు తగిలిన తీగకు వెలుగు, తగలని తీగకు చీకటి. అంతే! పక్కనే స్టూలు మీద లైటింగు మేస్త్రీ. ఏ వరస ఆరిపోయినా లేచి సరిచేసేవాడు. దీపాలూ, దీపాల మనిషీ ఒక్కచోటే ఉండేవారన్నమాట.

ఇప్పటి సంగతి వేరు. కొత్తరకం దండల్లో బల్బు బల్బుకీ ఓ చిప్పు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం... ఒక్కో రంగుకు 256 మెట్లు. దండ మొదట్లో అగ్గిపెట్టెంత వైఫై బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఇంటి నెట్టు గుండా ఎక్కడో ఉన్న సర్వరుతో ఎప్పుడూ మాట కలిపే ఉంచుతుంది. మీరు ఏ దేశంలో ఉండి ఫోను నొక్కినా, ఆ మాట సర్వరుకు వెళ్లి, అదే దారిన ఇంటికొచ్చి దీపం వెలిగిస్తుంది. (పాస్‌వర్డు మాత్రం గట్టిది పెట్టుకోండి బాబూ, లేకపోతే మీ ఇంటి దీపాలను పొరుగూరివాడు ఆడిస్తాడు!)

కడపలో నా స్నేహితుడి ఇంటికి ఇట్లాంటి దండే ఉంది. వాడు కువైట్‌లో డ్రైవరు. ఉమ్మడి కడప జిల్లాలో కువైట్ వెళ్లినవాళ్లు లేని వీధి కనపడటం కష్టమే లెండి. దీపావళినాడు మనకు సాయంత్రం ఆరున్నరైతే వాడికి నాలుగు. బండి పక్కకు ఆపి, వీడియో కాల్‌లో అమ్మను చూస్తూ మీట నొక్కుతాడు. రెండు మూడు సెకన్లకు గుమ్మం ఎర్రగా వెలుగుతుంది. పెద్దమ్మ మొహం దానికన్నా ముందే వెలుగుతుందనుకోండి!

రెండేళ్ల కిందట పండక్కి నేనూ అక్కడే ఉన్నాను. సరిగ్గా ఆ వేళకే ఎవరి తారాజువ్వో తగిలి వీధిలో నెట్టు తీగ తెగింది. పెద్దమ్మ సెల్లులో సిగ్నలుంది గనక కాల్ మాత్రం నడుస్తోంది. అవతల వాడు నొక్కుతున్నాడు, ఇవతల చీకటి. పెద్దమ్మ చల్లగా పక్కింటి పిల్లాడికి సైగ చేసింది. వాడు గోడమీద స్విచ్చి తీసి వేశాడు. కరెంటు తగలగానే దాచిపెట్టిన రంగుతో వెలగడం ఆ బోర్డు గుణం. గుమ్మం ఎర్రబడింది!

"వచ్చినాయి నాయనా, నీ లైట్లు వచ్చినాయి!" అంది పెద్దమ్మ. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి, "వానికి చెప్పొద్దు నాయనా. పండగపూట వాని చేత్తోనే వెలిగినట్టు ఉండనీ" అంది.

తలూపాను గానీ, నాకు అమెరికాలో అలెక్ కొమర్నిట్‌స్కీ గుర్తొచ్చాడు. కొలరాడోలో తన ఇంటి క్రిస్మస్ దీపాలను ప్రపంచంలో ఎవరైనా ఇంటర్నెట్‌లో నొక్కి వెలిగించొచ్చన్నాడు. జనం ఎగబడి నొక్కారు. అదంతా ఉత్తిదేనని 2004 డిసెంబరులో బయటపడింది. జనం చూసినవి మారుస్తూ పోయిన ఫోటోలు! స్టూడియోలో కదలని కారు, వెనక తెరమీద పరుగెత్తే చెట్లు, హీరోగారు తిప్పే స్టీరింగు... అదే తంతు. 2005లో ఆయన నిజంగానే ఏర్పాటు చేసి చూపించాడు, అది వేరే సంగతి. ఆయన మోసగాడైతే మరి పెద్దమ్మ? నాకు తేలలేదు.

కిందటేడు కువైట్ నుంచి ఫోనొచ్చింది. మాటల్లో ఆ దీపావళి ప్రస్తావన తెచ్చాడు. నేను గుటకలు మింగుతున్నాను. వాడే నవ్వాడు.

"బోర్డు ఆఫ్‌లైన్‌లో ఉండాదని నా ఫోను సూపిస్తానే ఉండె రా ఆ పొద్దు. అమ్మకు మాత్రం చెప్పాకు."