పిచ్చివాని దినచర్య

రంగస్థలముపై పిచ్చివాడు అడుగిడగనే ప్రేక్షకులు నవ్వుటకు సిద్ధపడుదురు. ఆ నవ్వును మొదట రానిచ్చి, పిదప గొంతులోనే నిలిపివేయు కథ యొకటి గలదు. రష్యా రచయిత నికొలాయ్ గొగోల్ 1835లో ప్రకటించిన “పిచ్చివాని దినచర్య” యదియే.

పొప్రిష్చిన్ పీటర్సుబర్గు నగరమున నొక చిన్న యుద్యోగి. పై యధికారికి ఈకకలములు చెక్కి యిచ్చుట వాని పని. ఆ యధికారి కుమార్తెపై మనసుపడెను. ఆమె కన్నులకు వాడొక గడ్డిపోచ. క్రమముగా కుక్కలు మాటలాడునట్లును, ఉత్తరములు వ్రాసికొనునట్లును వానికి తోచెను. 1833లో స్పెయిను రాజు ఏడవ ఫెర్డినాండు మరణింపగా, మూడేండ్లయినను నిండని కుమార్తె ఇసబెల్లా రాణి యయ్యెను. స్త్రీకి సింహాసనమేమని కలహము పుట్టెను. కథలో పొప్రిష్చిన్ స్పెయిను వార్తలు చదివి, ఆడుది రాజ్యమేలరాదు, రాజెచ్చటనో దాగియుండవలెనని తలపోయును. తుదకు ఆ రాజు తానేయని నిశ్చయించుకొనును. లోకమీయని గౌరవమును వెఱ్ఱి యిచ్చినది.

దినచర్య గనుక కథలో నన్నిటిని వాని కన్నులతోనే చూతుము. డేవిడ్ హోల్మన్, దర్శకుడు నీల్ ఆర్మ్‌ఫీల్డ్, నటుడు జెఫ్రీ రష్ కలసి దీనిని నాటకముగా మలచి 1989లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ప్రదర్శించిరి. కథలో కొద్ది వాక్యములలో గనబడు ఫిన్లండు దాసికి వారు పెద్ద పాత్ర నిచ్చిరి. రష్యను భాష సరిగా రాని యామె, యజమానుని మతి చెదరుటను దినదినము చూచుచుండును. 2010లో మరల ఆడినపుడు యేల్ స్టోన్ అను నటి యా దాసిగను, అధికారి కుమార్తెగను, పిచ్చియాసుపత్రిలోని స్త్రీగను నటించినది.

ఈ మార్పు నా మనస్సునకు హత్తుకొన్నది. ఏ యింట నెవరికి మతి చలించినను మొదట గనిపెట్టునది అన్నము వడ్డించు చేయియే గదా! కంచములో మిగిలిన మెతుకులు, నిద్రలేని రాత్రులు, తనలో తానాడుకొను మాటలు ఆమెకే తెలియును. ఆమె చెప్పినను వినువారరుదు. గాలి సోకినదని భూతవైద్యుని బిలుతురు. లేదా పరువు పోవునని తలుపులు మూయుదురు.

కథాంతమున వానికి తల గొఱిగి, నెత్తిపై చన్నీళ్లు పోసి, కఱ్ఱతో గొట్టుదురు. అది స్పెయిను రాజసభ యనుకొన్నవాడు బాధ నోర్వజాలక తల్లిని బిలుచును. రాజునని విఱ్ఱవీగినవానికి గిరీటము గుర్తు రాలేదు.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. ఇంటిలో చేయవలసినది మాత్రము మనదే. ఎవరి తీరైనను మారినట్లు తోచిన ఆలసింపక వైద్యుని కడకు గొనిపోవుడు. వీధిలోని పిచ్చివానిపై పిల్లలు రాయి విసరబోయినచో ఆ చేయి పట్టుకొనుడు. వానికిని ఒక తల్లి యుండును.