నేల టిక్కెట్టుకే వెండి కొండల ఊరు!

మెక్సికో అనగానే మన కుర్రకారు కళ్లముందు ఏం కదులుతుంది? మండే ఎండ, ఎగిరే దుమ్ము, బారెడు అంచుల టోపీ, నడుముకు తూటాల పట్టీ, గుర్రం మీద హీరో! 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో కృష్ణ తెలుగు తెరకు కౌబాయ్‌ని పట్టుకొచ్చిన దగ్గర్నుంచీ మనకి ఆ టోపీ అంటే అదో ముచ్చట. కానీ మనవాళ్లు ఆ దుమ్ము కోసం వెళ్లింది రాజస్థాన్‌కి. అసలు మెక్సికోలో, కొండల మధ్య, గుర్రం దౌడు తీయడానికి చోటే లేని ఊరొకటి ఉంది. దాని పేరు గ్వానహ్వాటో. పలకడానికి కాస్త నోరు తిరగాలి గానీ, ఒక్కసారి చూస్తే మరిచిపోయే ఊరు కాదు.

ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మన అరకులోయకి రెట్టింపు ఎత్తు! ఇరుకైన లోయ. రెండు పక్కలా కొండల మీద ఎరుపు, పసుపు, నీలం, గులాబీ రంగుల ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. ఆర్ట్ డైరెక్టరు కోట్లు పోసినా ఇలాంటి సెట్టు వెయ్యలేడు. 1988లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చారు.

మరి ఇంత సొగసైన ఊరు చూడాలంటే జేబు బరువుగా ఉండాలా? అక్కర్లేదు. సినిమా హాల్లో నేల టిక్కెట్టు వాడికి కలిగే ఆనందం బాల్కనీ వాడికి కలగదంటారే... ఈ ఊరి సంగతీ అంతే!

ముందు జేబు సంగతి

మెక్సికో డబ్బు పెసో. మన లెక్కలో ఒక పెసో అయిదు రూపాయల చుట్టుపక్కల. ఇక్కడినుంచి విమానం ఖర్చు మాత్రం తక్కువేం కాదు. అందుకే ఈ ప్రయాణం ముఖ్యంగా అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకి అనువు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వేరే వీసా అడగదు. అయినా బయల్దేరేముందు రాయబార కార్యాలయం వారి తాజా నిబంధన ఒకసారి చూసుకోండి. తిరిగి అమెరికాలో అడుగు పెట్టడానికి కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో కాలేజీలో కనుక్కోవడం మరవకండి.

రాజధాని మెక్సికో సిటీలో ఉత్తరపు బస్‌స్టాండు నుంచి సుమారు అయిదు గంటల ప్రయాణం. బస్సులు దర్జాగా ఉంటాయి. ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి. గ్వానహ్వాటో అన్నది ఊరి పేరే కాదు, రాష్ట్రం పేరు కూడా. ఆ రాష్ట్రంలోని మరికొన్ని పట్టణాల్లో ముఠాల హింస జాస్తి. ఈ ఊరి నడిబొడ్డు వాటితో పోలిస్తే నెమ్మది. అయినా పగటి బస్సే ఎక్కండి, మంచి బస్సే ఎక్కండి. అయిదో పదో మిగుల్చుకునే చోటు అది కాదు.

బస ఎక్కడంటారా? యువకుల హాస్టళ్లున్నాయి, వరసగా మంచాలు వేసిన గదుల్లో ఒక మంచం అద్దెకు తీసుకోవచ్చు. ఇక్కడో కిటుకు ఉంది. మెట్లు ఎక్కినకొద్దీ అద్దె దిగుతుంది! పైపెచ్చు కిటికీ తెరిస్తే ఊరంతా కనిపిస్తుంది. అక్టోబరులో మాత్రం గది దొరకడం గగనం. ఎందుకో తరవాత చెబుతాను.

కింద రోడ్డు... పైన ఊరు

బస్‌స్టాండు ఊరికి దూరం. అక్కణ్ణుంచి సిటీ బస్సెక్కితే కొద్ది పెసోలే. ఉన్నట్టుండి బస్సు సొరంగంలో దూరుతుంది. రాతి కమానులు, మసక దీపాలు, నేల కింద మలుపులు... విలన్ డెన్‌లోకి తీసుకుపోతున్నాడేమోనని గుండె దడదడలాడుతుంది. భయపడకండి! ఒకప్పుడు ఈ దారిన ఏరు పారేది. ఆ ఏటికి వరదలొచ్చి ఊరు ఎన్నోసార్లు మునిగింది. 1905లో వచ్చిన వరద ఘోరమైనది. ఆ తరవాత నీటిని వేరే సొరంగంలోకి మళ్లించారు. ఎండిన ఏటి గర్భం 1960లలో రోడ్డయింది. కార్లు, బస్సులు కిందికి పోతే, పైనున్న సందులు నడిచేవాళ్ల సొంతమయ్యాయి. అందుకే ఈ ఊళ్లో టాక్సీలో తిరిగేవాడు చూసేది తక్కువ. కాళ్లున్నవాడే కారున్నవాడు!

ముద్దుల సందు

ఊళ్లో అందరూ వెతుక్కుంటూ వెళ్లే సందు ఒకటుంది. పేరు 'కాయెహోన్ దెల్ బేసో'. అంటే ముద్దుల సందు! వెడల్పు 68 సెంటీమీటర్లే. ఎదురెదురు బాల్కనీల్లో నిలబడితే ఇటువాళ్లు అటువాళ్లను అందుకోవచ్చు. కథ కూడా ఉంది. కలవారి అమ్మాయి కార్మెన్, పేద కుర్రాడు ప్రేమించుకున్నారు. తండ్రి ఆమెను ఇంట్లో బంధించాడు. కుర్రాడు ఎదురింటి బాల్కనీ సంపాదించి అక్కణ్ణుంచే ఆమెతో ఊసులాడాడు. తండ్రి చూశాడు, కూతుర్ని కత్తితో పొడిచాడు. కుర్రాడి చేతికి అందింది ఆమె చల్లబడుతున్న చెయ్యి మాత్రమే. దాన్నే ముద్దు పెట్టుకున్నాడు... డబ్బున్న తండ్రి, పేద హీరో! మన తెరకి ఈ కథ కొత్తా? అక్కడ మూడో మెట్టు మీద ముద్దు పెట్టుకున్న జంటకి ఏడేళ్ల సుఖమట, పెట్టుకోకపోతే ఏడేళ్ల దరిద్రమట!

సాయంత్రమయ్యేసరికి 1903లో ప్రారంభమైన హ్వారెస్ థియేటరు మెట్ల మీద విద్యార్థులు గుంపులుగా చేరతారు. పాతకాలపు స్పెయిన్ దుస్తుల్లో గిటార్లు, మాండలిన్లు పట్టుకుని పాటలు పాడుతూ, జోకులు విసురుతూ సందుల వెంట సాగిపోతారు. టిక్కెట్టు కొన్నవాళ్లు వాళ్ల వెంటే తిరుగుతారు. కొనకపోయినా పాట సందు దాటి వినపడకుండా ఉంటుందా?

ఈ ఊరికి నాటకాల పిచ్చి ఉంది. 1953లో యూనివర్సిటీకి చెందిన ఎన్రికే రువేలాస్ అనే ఆయన సెర్వాంటెస్ రాసిన చిన్న చిన్న హాస్య నాటికల్ని శాన్ రోకే చౌకులో, ఆకాశం కింద ఆడించాడు. వేదిక ఏమిటంటే ఆ చౌకూ, గుడీ, చుట్టూ ఉన్న పాత గోడలే. దాన్నుంచే 1972లో 'సెర్వాంతీనో' అంతర్జాతీయ కళోత్సవం పుట్టింది. అక్టోబరు రద్దీకి కారణం అదే. వీధుల్లో జరిగే కొన్ని కార్యక్రమాలకి టిక్కెట్టు ఉండదు. సినిమా ఉత్సవమూ ఉందండోయ్! 1998లో పొరుగున ఉన్న శాన్ మిగెల్ దె అయెందెలో మొదలై ఈ ఊరికీ వచ్చింది. ఆరుబయట తెర కట్టి ఉచితంగా బొమ్మ వేస్తారు. మన టూరింగ్ టాకీసు గుర్తు రావడం లేదూ?

అన్నట్టు, గుర్రమెక్కి పాటలు పాడిన మెక్సికో హీరో హోర్హె నెగ్రేతె 1911లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆంటోనియో బాండెరాస్ నటించిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ మెక్సికో' (2003) షూటింగు కొంత ఇక్కడే జరిగింది.

మిరపకాయ చుట్టరికం

2024లో 'గుంటూరు కారం' అని మహేష్‌బాబు సినిమా వచ్చిందా! ఆ కారానికి పుట్టిల్లు మెక్సికోయే. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మనకి చేరింది. అందుకే మన నాలుకకి అక్కడ బెంగ ఉండదు. మధ్యాహ్నం చిన్న హోటళ్లలో 'కొమీదా కొర్రీదా' అంటే మన ప్లేటు మీల్సు లాంటిది. సూపు, అన్నం, ఒక కూర, మొక్కజొన్న రొట్టెలు, తాగడానికి పళ్లనీళ్లు. వంద పెసోల చుట్టుపక్కల కడుపు నిండుతుంది. ఈ ఊరి ప్రత్యేక వంటకం 'ఎంచిలాదాస్ మినేరాస్', అంటే గని కార్మికుల ఎంచిలాదాలు. ఎర్రమిరప పులుసులో ముంచి వేయించిన రొట్టెలు, లోపల జున్ను, పైన బంగాళదుంప, కారెట్ ముక్కలు. శాకాహారులు రెండు ముక్కలు బట్టీ పట్టండి. 'సిన్ కార్నె' అంటే మాంసం లేకుండా. 'సిన్ మాంతేకా' అంటే పందికొవ్వు లేకుండా. చిక్కుడు గింజల కూరలో కూడా ఆ కొవ్వు వేసే అలవాటుంది మరి!

మోసినవాళ్ల ఊరు

గని కార్మికులు అన్నాను కదూ? ఈ ఊరికి పునాది వాళ్లే. పదహారో శతాబ్దం నడుమ ఇక్కడ వెండి బయటపడింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాలెన్సియానా గని ప్రపంచంలోని గొప్ప వెండి గనుల్లో ఒకటి. 1803లో వచ్చి చూసిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్, కూలీలు వంద కిలోలు దాటిన రాతిని వీపున మోస్తూ మెట్లెక్కడం చూసి ఆశ్చర్యపోయాడు. గని పక్కనే 1788లో పూర్తయిన గుడి లోపల బంగారు పూత ధగధగలాడుతుంది. ఆ మెరుపు ఎవరి వీపు మీద ఎక్కి వచ్చిందో తెలిస్తే చూపు మారుతుంది.

1810లో స్పెయిన్ దొరతనం మీద తిరుగుబాటు లేచింది. సెప్టెంబరు 28న దొరలు ఇక్కడి ధాన్యపు కొట్టులో తలుపులు బిగించుకుని దాక్కున్నారు. పీపిలా అనే గని కార్మికుడు తూటాలు తగలకుండా వీపుకి రాతిపలక కట్టుకుని, పాకుతూ వెళ్లి తలుపుకి నిప్పు పెట్టాడని చెబుతారు. అదీ క్లైమాక్సు ఫైటు! మరుసటి ఏడాది తిరుగుబాటు నాయకులు నలుగురి తలలు నరికి ఆ భవనం నాలుగు మూలలా వేలాడదీశారు. 1821 దాకా అవి అక్కడే ఉన్నాయి. ఇప్పుడది మ్యూజియం. పీపిలా విగ్రహం కొండమీద ఉంది. రైలుపెట్టె లాంటి ఫ్యునిక్యులర్ ఎక్కితే టిక్కెట్టు, మెట్లెక్కితే ఉచితం. పొద్దుగూకే వేళకి వెళ్లండి. కింద ఊరంతా దీపాలు వెలుగుతాయి!

ఒక్క టిక్కెట్టు దగ్గర ఆగండి

ఈ ఊళ్లో జనం ఎక్కువగా ఎగబడేది మమ్మీల మ్యూజియానికి. 1972లో మల్లయోధులు బ్లూ డెమన్, మిల్ మాస్కరాస్, వెండి ముసుగు సాంతో కలిసి ఈ మమ్మీలతో కుస్తీ పట్టిన సినిమా వచ్చింది. మన విఠలాచార్య చూసి ఉంటే భేష్ అనేవారు. కానీ ఈ మమ్మీలు ఈజిప్టు రాజులు కారు. 1865 నుంచి శ్మశానంలో సమాధికి సుంకం కట్టలేని కుటుంబాల శవాల్ని వెలికి తీశారు. పొడిగా ఉండే గూళ్లలో కొన్ని శవాలు కుళ్లకుండా ఎండిపోయాయి. 1958 దాకా ఈ తవ్వకం సాగింది. అంటే, చచ్చాక కూడా అద్దె కట్టలేకపోయిన పేదలు వాళ్లు. పసిపిల్లలు కూడా ఉన్నారు. 2024లో మరమ్మతులప్పుడు ఒక మమ్మీ చెయ్యి ఊడిందని దేశ పురావస్తు సంస్థ ఆక్షేపించింది.

'కోకో' (2017) బొమ్మ చూశారా? తీసినవాళ్లు గ్వానహ్వాటో కూడా తిరిగి చూసి, ఆ రంగురంగుల మెట్ల ఇళ్లలోంచి పితృలోకాన్ని ఊహించుకున్నారు. అందులో ఒక మాటుంది. బతికున్నవాళ్లు తలుచుకోకపోతే పోయినవాళ్లు రెండోసారి పోతారని. మ్యూజియం లోపలికి వెళ్తారా, మానేస్తారా అన్నది మీ ఇష్టం. వెళ్తే మాత్రం అద్దాలకి ఆనుకుని ఇకిలిస్తూ ఫోటోలు దిగకండి. వాళ్లూ మనలాగే నేల టిక్కెట్టు జనం. సుంకం కట్టే స్తోమత లేకపోవడం ఒక్కటే వాళ్లు చేసిన నేరం.

గుళ్లో బంగారం పూసింది దొరల డబ్బైతే, దాన్ని పైకి మోసింది కూలీల వీపు. తలుపు కాల్చింది కూలీ. సందుల్లో పాడేది విద్యార్థులు. ఆ పేరు మీద నోరూరించే వంట కూడా కూలీలదే. పలచటి జేబుతో, బలమైన కాళ్లతో వచ్చేవాడే ఈ ఊరిని ఉన్నది ఉన్నట్టు చూస్తాడు. కనుక మిత్రులారా, మంచి చెప్పులు కొనుక్కోండి. మిగతా ఖర్చు తరవాత చూసుకోవచ్చు!