పీపాలు పారబోసిన ఊరు

మద్యపానాన్ని ప్రోత్సహించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదని పాఠక మిత్రులకు ముందుగానే మనవి చేసుకొంటున్నాను. యాభై అయిదేళ్ల వయస్సులో, ఉద్యోగ కార్యార్థమై వెళ్లిన పరాయి ఊళ్లో, ఒకే ఒక్క గ్లాసు బీరు ముందు కూర్చొన్నప్పుడు నాకు ఒక పాత బాకీ గుర్తుకు వచ్చింది. దానిని గురించే ఇందులో చెప్పదలచుకొన్నాను.

ఆ ఊరు చెక్ రిపబ్లిక్‌లోని పిల్సెన్. రాజధాని ప్రాగ్‌కు నైరుతి దిశగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, నాలుగు నదులు కలిసే చోట వెలసిన పట్టణం. నడిబొడ్డున విశాలమైన కూడలి, అందులో 102 మీటర్ల శిఖరంతో సెయింట్ బార్తొలోమ్యూ చర్చి ఉన్నాయి. మన రంగంలోని వారికి ఈ ఊరు మరో విధంగా పరిచయమే. 1859లో ఆరంభమై, పదేళ్ల తరువాత ఎమిల్ స్కోడా చేతికి వచ్చి, ఆయన పేరుతోనే ప్రసిద్ధికెక్కిన యంత్ర కర్మాగారం ఇక్కడిదే. హైదరాబాదు శివార్లలోని రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం 1960లలో రూపుదిద్దుకొన్నది కూడా చెకోస్లోవాకియా సహకారంతోనే. ఆ రోజులలో శిక్షణ కోసం పిల్సెన్ వెళ్లివచ్చిన ఒక పెద్దాయన నా మొదటి పైఅధికారి.

1992లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక విద్యుత్ కేంద్రం నిర్మాణ స్థలంలో ఆయన కింద పనిచేశాను. టర్బైను బేరింగులకు నూనె అందించే గొట్టాలను, యంత్రాన్ని తిప్పడానికి ముందు, వేడి నూనెతో రోజుల తరబడి కడగాలి. జల్లెడలో రేణువులు పడటం ఆగేవరకు ఆ పని సాగవలసిందే. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇరుసును మోసేది వెంట్రుక మందమైనా లేని నూనె పొర. అందులో ఒక్క ఇనుప రేణువు చేరినా బేరింగు గీసుకుపోతుంది. తొమ్మిదవ నాడు కూడా జల్లెడలో రెండు మూడు మెరుపులు కనిపించాయి. గడువు ముంచుకొస్తున్నందున, పని పూర్తయినట్లు నివేదిక రాసి, "ఇక చాలు సార్" అని సంతకానికి పెట్టాను.

ఆయన భూతద్దంతో జల్లెడను చూసి కాగితం వెనక్కి నెట్టారు. "ఏమోయ్, 36 పీపాల బీరు నడివీధిలో పారబోసిన ఊళ్లో పని నేర్చుకొన్నవాణ్ణి నేను. నీ తేదీ చూసి నూనె శుభ్రపడదు. మళ్లీ మొదలుపెట్టు" అన్నారు.

మరో ఆరు రోజులు పట్టింది. ఆ ఉక్రోషంలో, ముసలాయన మొండితనం వల్లనే జాప్యమవుతున్నదని పైవారి చెవిలో వేశాను. ఆయనకు మెమో వచ్చింది. చెప్పిందెవరని ఆయన ఎన్నడూ అడగలేదు, నేనూ ఒప్పుకోలేదు. పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకు ఆయన కాలం చేశారని తెలిసింది.

ఆ పీపాల కథ పిల్సెన్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. 1838లో తమ ఊరి బీరు నాసిరకంగా ఉన్నదని పౌరులు 36 పీపాలను నగర మందిరం ఎదుట పారబోశారు. పిమ్మట అందరూ కలిసి కొత్త బీరు కర్మాగారం కట్టుకొని, బవేరియా నుండి యోసెఫ్ గ్రోల్ అనే నిపుణుణ్ణి రప్పించారు. ఆయన 1842 అక్టోబరు 5న, ఆ ఊరి తేట నీటితో, లేత రంగు మాల్టుతో, జాటెక్ ప్రాంతపు హాప్ పూలతో కాచిన బీరే నేటి బంగారు రంగు లాగర్లకు ఆది.

పని ముగిసిన సాయంత్రం స్థానిక ఇంజనీరొకరు మమ్మల్ని తమ పేటలోని చిన్న బారుకు తీసికొని వెళ్లారు. ఆ పక్కనే ఒక చిన్న కర్మాగారంలో తయారయ్యే లాగర్ అక్కడ దొరుకుతుంది. దానిని '12 డిగ్రీలు' అంటారు. అది ఆల్కహాలు శాతం కాదు. పులియడానికి ముందు ద్రవంలో కరిగి ఉన్న పదార్థపు శాతం. ఆల్కహాలు అయిదు శాతం ప్రాంతంలో ఉంటుంది.

అప్పుడే పీపా మార్చారు. బారు యజమాని మొదటి గ్లాసు నింపి, దీపానికి ఎదురుగా పట్టి చూసి, మారుమాట లేకుండా తొట్టిలో వంపేశాడు. రెండవదీ అంతే. మూడవ గ్లాసు నా ముందు పెట్టాడు. మునుపటివాటికి ఏమైందని అడిగాను. "అవి మీకు ఇవ్వదగినవి కావు" అన్నారు మా మిత్రుడు.

వడకట్టని బీరు కనుక రంగు కొంచెం మసకగా ఉంది. మొదట కాల్చిన రొట్టె కమ్మదనం, వెనుకనే శుభ్రమైన చేదు. జర్మన్ భాషలో 'లాగెర్న్' అంటే నిలవ ఉంచడం. సుమారు పది డిగ్రీల చలిలో పులిసిన ఈ పానీయం, సున్నాకు దగ్గరి చలిలో వారాల తరబడి నిలవ ఉంటేగాని ఈ రుచికి రాదు. ఊట దిగని ఆవకాయ వంటిదే తొందరపడి దింపిన లాగర్.

గ్లాసు సగమే తాగగలిగాను. ఎదుటి ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, ముప్పై ఏళ్ల క్రితం చెప్పవలసిన మాటను తెలుగులో మెల్లగా చెప్పుకొన్నాను. మిత్రుడు ప్రార్థన అనుకొన్నట్టుంది, మౌనంగా ఉండిపోయారు. వినవలసినవారు లేనప్పుడు చెప్పిన క్షమాపణతో బాకీ తీరదని నాకు తెలుసు.

తిరిగివచ్చిన నెలకు మా విభాగంలోని యువ ఇంజనీరు ఒక నివేదిక తెచ్చి, "జల్లెడ దాదాపు శుభ్రంగానే ఉంది సార్, ఇక చాలు" అన్నాడు. అతనికి పీపాల కథ చెప్పి కాగితం వెనక్కి ఇచ్చాను. ముఖం ముడుచుకొని వెళ్లాడు. పైవారితో ఏమి చెప్పుకొన్నాడో నేను విచారించలేదు.