మూలమును గాచు మీటలు

ఇంట నున్న పాత ఛాయాచిత్రములను కంప్యూటరులో బాగుచేసికొనవలయునని మన సోదరీమణులలో పెక్కుమందికి కోరిక గలదు. ఆ పనికి మేము వాడుచున్నది గింప్ అను సాధనము. 1995లో బర్‌క్లీ విశ్వవిద్యాలయమున ఇద్దరు విద్యార్థులు దాని నారంభించిరి. 1996లో అది లోకమునకు విడుదలయ్యెను. వెల చెల్లింపనక్కఱ లేదు. మొదట మేము దాని మీటల పట్టికను గోడ కంటించి, చిన్ననాట అమరకోశము వల్లించినట్లు వల్లించితిమి. వారము గడచునప్పటికి సగము మఱచితిమి. అమరమునకు ఛందస్సు గలదు, మీటలకు లేదు. పని వచ్చినపుడు దానికి వలసిన మీటను మాత్రము నేర్చుకొనుటయే మేలని తెలియుటకు మాచేత నొక తప్పు జరుగవలసివచ్చినది.

మా అత్తగారి తల్లిగారి ఛాయాచిత్ర మొక్కటే మిగిలియున్నది. అదియు అత్తగారి యన్నగారింట, పల్లెలో. అచటికి బోయినపుడు ఫోనుతో దాని ప్రతి తీసికొనివచ్చి కంప్యూటరులోని కెక్కించి, ఫోనులో చోటు చాలదని యందలి ప్రతిని చెరిపివేసితిమి. పిదప హెచ్ మీట నొక్కితిమి. దానితో మచ్చలను మాన్పు సాధనము చేతికి వచ్చును. కంట్రోలు మీట నదిమిపట్టి మచ్చలేని తావున నొకసారి నొక్కి, ఆ మీట విడిచి, మచ్చపై రాచిన నది మాయమగును. పీ అక్షరమునకు కుడిప్రక్కనున్న చదరపు బ్రాకెట్ల మీటలు కుంచెను సన్నముగను లావుగను జేయును. ఎంత సులభము! మధ్యాహ్నమంతయు మచ్చవెంట మచ్చ మాపి, ఓవర్‌రైట్ అను పంక్తి నొక్కి, బొమ్మను మూసివేసి, సాయంకాలము అత్తగారికి చూపితిమి.

“ఈవిడెవరే అమ్మాయీ? మా అమ్మ ముఖాన అమ్మవారి మచ్చలుండాలే!” అనిరి.

1975లో మన దేశమున తుదముట్టిన స్ఫోటకపు గుఱుతులను, వాని నెన్నడు నెఱుగని మేము కాగితపు మచ్చలనుకొంటిమి. కంట్రోలుతో జడ్ నొక్కిన చేసిన పని వెనుకకు బోవునని యెఱుగుదుము. ఎన్నిసార్లు నొక్కినను ఏమియు కదలలేదు. బొమ్మను మూసినంతనే ఆ జ్ఞాపకమంతయు సాధనము విడిచివేయునని యపుడు తెలిసినది. “నకలు తీసుకోలేదా?” అని మావారు బడిపిల్లల నడిగినట్లడిగిరి. ఆ ప్రశ్న ఉదయమే యడిగియున్న బాగుండెడిది.

మరల పల్లెకు బోవునప్పటికి వానలు ముదిరెను. పటములోనికి చెమ్మ దిగి చిత్రము క్రిందిభాగము అద్దమున కంటుకొనిపోయినది. విప్పగా చీర కుచ్చెళ్లు అద్దముననే నిలిచిపోయెను. ముఖము దక్కినది. ఈసారి పట్టణమునకు దెచ్చి, అంగుళమునకు 600 చుక్కల వంతున స్కాను చేయించితిమి.

ఇప్పుడు మేము బొమ్మ తెఱువగనే కంట్రోలుతో డీ నొక్కుదుము. వేఱొక నకలు వచ్చును, మొదటిదానిని మూసివేయుదుము. ఫోటోషాప్ వాడు సోదరీమణులు ఇచట జాగ్రత్తపడవలయును. అందు ఆ జోడింపు ఎంపికచేసిన భాగమును విడిచివేయునే కాని నకలు తీయదు. పిమ్మట కంట్రోలు, షిఫ్టు, డీ మూడును గలిపి నొక్కిన, చిత్రముపై అదే చిత్రము మఱియొక పొరగా పఱచుకొనును. ఫోటోషాప్‌లో నందులకు కంట్రోలుతో జే. మీటలన్నిటిలో మాకు మిక్కిలి ప్రియమైన దిది. మూలశ్లోకమును ముట్టక వ్యాఖ్యాత తన మాట వేఱుగా వ్రాసికొనునట్లు, దిద్దుబాటంతయు పైపొరపై జరుగును. పొర ప్రక్కనున్న కంటిగుర్తు నొక్కిన నది మఱుగై మూలము కనబడును. మరల నొక్కిన పొర తిరిగివచ్చును. అత్తగారిని ప్రక్క గూర్చుండబెట్టుకొని మచ్చమచ్చకు నట్లు నొక్కి, “ఇది అమ్మమ్మగారిదా, కాగితానిదా?” అని యడిగితిమి. మిక్కిలి దగ్గఱగా జూచినపుడు ముఖము ముఖముగా దోపదు, మచ్చలే తోచును. మా మొదటి తప్పునకు నదియే కారణము. అందుచే నడుమనడుమ కంట్రోలు, షిఫ్టు, జే నొక్కి చిత్రమంతయు తెరపై నిమిడించి చూచుచుంటిమి. గింప్‌లో దాచుటకు కంట్రోలుతో ఎస్. పొరలన్నియు ఎక్స్‌సీఎఫ్ అను రూపమున నిలుచును. అచ్చున కిచ్చు జేపెగ్ ప్రతికి కంట్రోలు, షిఫ్టు, ఈ.

పోయిన కుచ్చెళ్ల చోట, ప్రక్కనున్న చీరనే నకలుచేసి నింపవచ్చును. సీ మీటతో వచ్చు సాధనము చేయు పని యదియే. చీర యంచు ఎట్లుండెడిదని యడుగగా అత్తగారు కొంతసేపు ఊరకుండి, “గుర్తు లేదు. లేనిది పెట్టకు” అనిరి. షిఫ్టుతో సీ నొక్కి, నడుముదాక కత్తిరించి అచ్చువేయించితిమి. కత్తిరింపని ప్రతి కంప్యూటరులో నొకటి, పెన్‌డ్రైవులో నొకటి యున్నది.