నడిసముద్రంలో ఆగిన బొమ్మలు

అమెరికా పడమటి తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనాహైమ్ అనే ఊరున్నది. ఒకప్పుడు దాని చుట్టూ నారింజ తోటలుండేవి. బొమ్మల సినిమాలు తీసిన వాల్ట్ డిస్నీ అక్కడ 160 ఎకరాలు కొని, చెట్లు తీయించి, ఒక వినోదవనం కట్టించాడు. 1955 జూలై 17న తెరిచిన ఆ వనమే డిస్నీలాండ్. దాని కోటను గురించీ, వనం చుట్టూ తిరిగే పొగబండిని గురించీ మీరు వినే ఉంటారు. ఈసారి వాటి జోలికి పోకుండా మనం తిన్నగా అక్కడి దుకాణాల్లోకి పోదాం. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళిన తల్లిదండ్రులు చివరకు ఎలాగూ చేరేది అక్కడికే!

ఆ దుకాణాల్లో ఎంతోకాలంగా అమ్ముతున్న వస్తువు ఒకటున్నది. అది నల్లటి గుండ్రని టోపీ. దానికి రెండు పక్కలా పెద్ద ఎలుక చెవులుంటాయి. మిక్కీ మౌస్ చెవులన్నమాట. టోపీ కొంటే దాని వెనక మీ పేరు దారంతో కుట్టి ఇస్తారు. పేరు కుట్టేది అక్కడే. కాని అటువంటి దుకాణాల్లో ఉండే టోపీలూ, దూది కూరిన బొమ్మలూ, చొక్కాలూ చాలా భాగం చైనా, వియత్నాం వంటి దేశాల్లో తయారై, పసిఫిక్ మహాసముద్రం మీద రెండు మూడు వారాలు ప్రయాణం చేసి వస్తాయి. ఆ ఓడలు చేరే రేవు డిస్నీలాండ్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది.

2021లో వినోదవనాల దుకాణాల్లో కొన్ని అరలు వెలితి పడ్డాయి. కావలసిన కొలతలో చొక్కా ఉండేది కాదు. వస్తుందన్న బొమ్మ వచ్చేది కాదు. సరుకు తయారు కాకపోవటం ఒక కారణమే. ఆ ఏడు వేసవిలో అంటువ్యాధి మూలాన దక్షిణ వియత్నాంలో చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కాని తయారైన సరుకు కూడా రాలేదు. ఏరంతా ఈది ఇంటి ముందరి కాలువలో చిక్కుకున్నట్టు, అది మహాసముద్రం దాటి వచ్చి రేవు ముందు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలుసుకోవాలంటే ఆ రేవు చూడాలి.

లాస్ ఏంజిలీస్ నగరంలో శాన్ పేడ్రో అనే పేట ఉన్నది. అక్కడ సముద్రపు ఒడ్డున ఒక కొండ, కొండమీద మంటపంలో ఒక పెద్ద గంట ఉన్నవి. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళు నిండిన సందర్భంలో, 1976లో, దక్షిణ కొరియా ఇచ్చిన కానుక అది. మీరు ఎప్పుడైనా అక్కడికి వెళితే, అక్కడ స్థిరపడిన మన బంధువులు మిమ్మల్ని సినిమా స్టూడియోలు తిప్పుతారు గాని, ఈ కొండ ఎక్కించటం అనుమానమే. మీరే అడిగి ఎక్కండి. సముద్రం వైపు చూస్తే రాళ్ళు పేర్చి కట్టిన పొడుగాటి అడ్డుగోడా, దాని కొసన 1913 నాటి దీపస్తంభమూ కనబడతాయి. ఎడమచేతి వైపు ఎత్తయిన క్రేన్లు, నీళ్ళు తాగటానికి వచ్చిన జిరాఫీల మంద లాగా వరసగా నిలబడి ఉంటాయి. అక్కడ లాస్ ఏంజిలీస్, లాంగ్ బీచ్ అని రెండు రేవులు పక్కపక్కనే ఉన్నాయి. ఆ రోజుల్లో అమెరికాకు కంటెయినర్లలో వచ్చే సరుకులో నూటికి దాదాపు 40 వంతులు ఈ రెండిటి ద్వారానే వచ్చేది.

కంటెయినరు అంటే ఇనప పెట్టె. సాధారణంగా 20 అడుగులో, 40 అడుగులో పొడుగుంటుంది. వెడల్పు 8 అడుగులు. డిస్నీలాండ్ తెరిచిన మరుసటి ఏడు, 1956 ఏప్రిల్ 26న, మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అనే ఓడమీద పెట్టించి న్యూఅర్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకు ముందు ప్రతి బస్తానూ, ప్రతి పీపానూ కూలీలు విడివిడిగా ఎక్కించి దించవలసి వచ్చేది. ఓడ సముద్రం మీద గడిపినంత కాలమూ రేవులోనూ గడిపేది. పెట్టె వచ్చాక ఆ బాధ పోయింది. ఫ్యాక్టరీలో వేసిన తాళం గిడ్డంగి దగ్గర తీస్తే చాలు. నడుమ సరుకును ఎవరూ ముట్టుకోరు. ఒక టోపీని అంత దూరాన కుట్టించి తెచ్చినా గిట్టుబాటు అవుతున్నదంటే అందుకు ఈ పెట్టే కారణం.

ఎంత గిట్టుబాటో మనమే లెక్క వేసి చూద్దాం. 40 అడుగుల పెట్టెలో 60 వేల లీటర్ల జాగా ఉన్నదనుకోండి. ఒక టోపీకి 2 లీటర్ల జాగా చాలుననుకుంటే అందులో 30 వేల టోపీలు పడతాయి. అంటువ్యాధికి ముందు ఆసియా నుంచి అమెరికా పడమటి తీరానికి అటువంటి పెట్టె రావటానికి సుమారు 2 వేల డాలర్లయ్యేది. అంటే టోపీకి 7 సెంట్లు కూడా కాదు. 2021 సెప్టెంబరు నాటికి ఆ కిరాయి కొన్ని చోట్ల 20 వేల డాలర్లు తాకింది. టోపీకి 67 సెంట్లయింది, పోనీలే అనుకోవచ్చు. ఇప్పుడు దూది కూరిన పెద్ద ఎలుగుబంటి బొమ్మ సంగతి చూడండి. దానికి 20 లీటర్ల జాగా కావాలనుకుంటే పెట్టెలో 3 వేలే పడతాయి. కిరాయి ఒక్కొక్క బొమ్మకు 67 సెంట్ల నుంచి 6 డాలర్ల 67 సెంట్లకు పెరిగింది. ఓడ బరువుకన్నా జాగాకే ఎక్కువ విలువ కడుతుంది కనుక, బంగారానికి లేని కష్టం దూదికి వచ్చింది.

కిరాయి అంతగా ఎందుకు పెరిగింది? 2020 మార్చి 14న డిస్నీలాండ్ మూసేశారు. మళ్ళీ తెరిచింది 2021 ఏప్రిల్ 30న. దాదాపు లోకమంతా అలాగే ఇళ్ళలో కూచున్నది. అమెరికన్లు ప్రయాణాలకూ, సినిమాలకూ పెట్టే డబ్బుతో కుర్చీలూ, సైకిళ్ళూ, టెలివిజన్లూ, వంటపాత్రలూ తెప్పించుకోసాగారు. ఇవన్నీ వచ్చేది ఆ పెట్టెల్లోనే. తీరా వినోదవనాలు తెరిచి, టోపీలు కావలసి వచ్చేసరికి ఓడల్లో చోటుకు పెద్ద పోటీ ఏర్పడింది. కొన్ని పెద్ద దుకాణాల కంపెనీలు తమ సరుకు కోసం ఓడలనే అద్దెకు తీసుకున్నాయి.

దీనికి తోడు అవాంతరాలు కూడా వచ్చాయి. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలవకు అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు కదలలేదు. వేసవిలో చైనాలోని యాంటియన్ రేవులో పని చాలావరకు ఆగింది. ఆగస్టులో నింగ్బో రేవులో ఒక్క కార్మికుడికి జబ్బు ఉన్నట్టు తేలితే ఒక విభాగం మొత్తాన్ని రెండు వారాలపాటు మూసేశారు.

మామూలు రోజుల్లో శాన్ పేడ్రోకు వచ్చిన ఓడ బయట ఆగటం అరుదు. నేరుగా లోపలికి పోతుంది. 2021 సెప్టెంబరులో బయట కాచుకున్న ఓడలు 70 దాటాయి. రాత్రివేళ తీరాన నిలబడితే సముద్రంలో మరొక ఊరు వెలిసినట్టు దీపాలు కనిపించేవి. లంగరు వెయ్యటానికి చోట్లు చాలక కొన్ని ఓడలు తీరానికి దూరంగా ఊరికే తేలుతూ ఉండేవి. నవంబరు మధ్యలో కొత్త ఏర్పాటు చేశారు. ఓడ ఆసియాలో రేవు విడిచిన రోజునుంచే దానికి వరసలో స్థానం ఇచ్చి, ఆ వంతు వచ్చేదాకా తీరానికి 150 మైళ్ళ అవతలే ఉండమన్నారు. దానితో కొండమీది నుంచి చూసేవాళ్ళకు ఓడలు తగ్గినట్టు కనిపించింది గాని, 2022 జనవరిలో వరసలో ఉన్నవి 109!

వరస తీరానికి దగ్గరగా ఉండటంలో ప్రమాదం ఏమిటో అంతకుముందే తెలిసివచ్చింది. 2021 జనవరి 25న గాలివాన వచ్చినప్పుడు రెండు ఓడల లంగర్లు సముద్రపు అడుగున ఈడ్చుకుపోయి ఒక చమురు గొట్టాన్ని దెబ్బ తీశాయి. ఎవరూ గమనించలేదు. ఎనిమిది నెలల తరవాత, అక్టోబరులో ఆ గొట్టం పగిలి 25 వేల గ్యాలన్ల చమురు సముద్రంలో కలిసింది. పిల్లలు స్నానాలు చేసే హంటింగ్టన్ బీచిని కొన్నాళ్ళు మూసేశారు. చేపలు పట్టేవాళ్ళకు పని పోయింది.

ఓడల్లో మనుషులుంటారన్న సంగతి దుకాణం ముందు నిలబడిన వాళ్ళకు తట్టదు. అంటువ్యాధి భయంతో అనేక దేశాలు నావికులను ఒడ్డున దిగనివ్వలేదు. 2020 చివర, ఒప్పందం గడువు తీరిపోయినా ఇంటికి పోలేక ఓడల్లోనే చిక్కుకున్నవారు ప్రపంచం మొత్తం మీద సుమారు 4 లక్షల మంది ఉన్నారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క వేసింది. వారిలో మన దేశస్థులు చాలామంది. మన శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కూడా ఎందరో ఓడపనికి పోతారు. బొమ్మ ఆలస్యమైందని పిల్లవాడు ఏడవటం నిజమే. కాని ఆ బొమ్మను తెచ్చే ఓడలో ఉన్న మనిషి కోసం ఇంకెక్కడో అతని పిల్లవాడు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

రేవులో పని జరగలేదని మీరనుకుంటే పొరపాటు. లాస్ ఏంజిలీస్ రేవు 1907లో ఏర్పడింది. అప్పటినుంచీ ఏ ఏడూ ఎత్తనన్ని పెట్టెలు 2021లో ఎత్తింది. 20 అడుగుల పెట్టెల లెక్కన కోటీ ఆరు లక్షలకు పైచిలుకు! మరి వరస ఎందుకు తరగలేదు? చిక్కు నీటిమీద లేదు, నేలమీద ఉన్నది.

అది ఎలాగంటే, ఓడ నుంచి దించిన పెట్టెను చక్రాల చట్రం మీద పెట్టి, లారీకి తగిలించి గిడ్డంగికి తీసుకుపోతారు. గిడ్డంగి నిండిపోయింది, పెట్టె ఖాళీ చేసేవారు లేరు. ఎలాగో ఖాళీ చేశారనుకోండి, ఆ ఖాళీ పెట్టెను రేవుకు తిరిగి ఇవ్వాలి. రేవులో చోటు లేదు, వద్దన్నారు. లారీ యజమాని దాన్ని తన దొడ్లో ఉంచుకోవలసి వచ్చింది. దొడ్డీ నిండింది, పెట్టె చక్రాల చట్రం మీదనే ఉండిపోయింది. చట్రం ఖాళీ కానిదే రేవునుంచి కొత్త పెట్టె తీసుకురావటం ఎట్లా? కొత్త పెట్టె కదలనిదే ఓడలో పెట్టె దించటానికి జాగా ఏదీ? కుర్చీలాటలో కుర్చీలన్నీ నిండిపోతే ఎవరూ లేవలేక, ఎవరూ కూచోలేక నిలిచిపోయినట్టయింది. లారీలు నడిపేవాళ్ళలో చాలామందికి కూలి గంటల లెక్కన రాదు, చేర్చిన పెట్టెల లెక్కన వస్తుంది. గేటు దగ్గర కాచుకున్న గంటలన్నీ వాళ్ళకు నష్టమే.

ప్రభుత్వం తోచిన ఉపాయాలన్నీ చేసింది. లాస్ ఏంజిలీస్ రేవు రాత్రింబగళ్ళు పని చేస్తుందని 2021 అక్టోబరు 13న అధ్యక్షుడు బైడెన్ ప్రకటించాడు. కాని గేటు తెరిచి ఉన్నా గిడ్డంగులు రాత్రి మూసి ఉంటే లారీ ఎక్కడికి పోతుంది? రోజుల తరబడి రేవులో వదిలేసిన పెట్టెకు 100 డాలర్లతో మొదలై రోజురోజుకూ పెరిగే జరిమానా వేస్తామన్నారు. వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరకు ఒక్క డాలరైనా వసూలు చెయ్యకుండానే దాన్ని ఎత్తేశారు. అయినా ఆ బెదిరింపుతో పాత పెట్టెలు చాలా కదిలాయి. నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం మరొకటి. లాంగ్ బీచ్ నగరంలో, ఊరికి అందం చెడకుండా, దొడ్లలో పెట్టెలు రెండిటికన్నా ఎత్తు పేర్చరాదన్న నియమం ఉండేది. సరుకు రవాణా చేసే ఒక కంపెనీ అధిపతి పడవమీద రేవంతా తిరిగి చూసి, ఈ నియమం సడలించమని అందరికీ తెలిసేలా రాశాడు. అదే రోజున, అక్టోబరు 22న, నాలుగేసి పెట్టెలు పేర్చుకోవచ్చునని నగరం అనుమతించింది. దానితో చిక్కంతా విడిపోలేదు గాని, కొన్ని చట్రాలయినా ఖాళీ అయ్యాయి.

ఇక దుకాణాల మాట. వినోదవనంలో అమ్మే వస్తువుకు ఒక ప్రత్యేకమైన కష్టమున్నది. వంటపాత్ర ఆలస్యంగా వచ్చినా వంటపాత్రే. కాని డిస్నీ దుకాణాల్లో ప్రతి ఏడూ ఆ సంవత్సరం అంకె వేసిన వస్తువులు అమ్ముతారు. 2021 అని వేసిన చొక్కా 2022 ఫిబ్రవరిలో వస్తే దాన్నెవరు కొంటారు? పండగ బొమ్మలూ అంతే. క్రిస్మస్ తాత జనవరిలో దిగితే గిడ్డంగిలో మళ్ళీ డిసెంబరు దాకా పడుకోవలసిందే, లేదా సగం ధరకు పోవలసిందే. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు 2021 అక్టోబరు 1తో 50 ఏళ్ళు నిండాయి. ఆ ఉత్సవం ఒక్కరోజుది కాక 18 నెలలపాటు జరగటం అదృష్టం. ఆలస్యంగా వచ్చిన 50 అంకె వస్తువులు కూడా చెల్లాయి.

అయితే ప్రతి ఖాళీ అరకూ ఓడే కారణమనటం న్యాయం కాదు. 2022 జనవరిలో ఆ ఫ్లోరిడా వనంలోనే ఫిగ్మెంట్ అనే ఊదారంగు డ్రాగన్ ఆకారంలో ఉన్న పేలాల డబ్బా అమ్మితే, జనం దానికోసం గంటల తరబడి వరసలో నిలబడ్డారు. అది ఓడల కొరత కాదు, ముచ్చట!

శాన్ పేడ్రో ముందు ఓడల వరస 2022 నవంబరుకు పూర్తిగా కరిగిపోయింది. ధరలు పెరిగి జనం కొనటం తగ్గించారు. చాలా ఓడలు అమెరికా తూర్పు తీరపు రేవులకు మళ్ళిపోయాయి. కిరాయిలు కూడా దిగివచ్చాయి.

ఆ పెట్టెలు మన విశాఖపట్నం రేవుకూ వస్తాయి, రోడ్డు మీద లారీలపై పోతూ మీకు కనబడతాయి. ఈసారి కనబడితే తలుపు వైపు చూడండి. నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ, వాటి పక్కన ఏడు అంకెలూ ఉంటాయి. ఒక పెట్టెకు ఉన్న గుర్తు మరొక పెట్టెకు ఉండదు. మొదటి మూడు అక్షరాలను బట్టి అది ఎవరిదో చెప్పవచ్చు. నాలుగోది సాధారణంగా ‘యు’. చివరి అంకె, మిగిలినవి రాయటంలో తప్పు దొర్లితే పట్టుకోవటానికి పెట్టినది. ఆ గుర్తును బట్టి ఏ పెట్టె ఏ ఓడమీద ఉన్నదీ కంప్యూటరులో చూసుకోవచ్చు. 2021లో సరుకు తెప్పించుకున్నవారు రోజూ అలా చూసుకునేవారు. టోపీల పెట్టె ఎక్కడున్నదో వాళ్ళకు బాగా తెలుసు. నిన్న ఉన్నచోటనే ఉండేది.